అచ్చును నిలబెట్టే మన్ను

హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నేల అధికభాగం రాతి నుండి పుట్టిన ఎర్రని చల్క. పల్లపు చేలలో అక్కడక్కడ నల్లరేగడి కనబడుతుంది. వానకు ఉబ్బి, వేసవిలో నెర్రెలువిచ్చే ఆ మన్నును నమ్మి ఎవరూ ఇల్లు కట్టరు. అయితే ఇనుము పోతపోసేవారికి ఆ ఉబ్బే గుణమే కావాలి. తెలుగు పంతులుకు పోతపని గొడవ ఎందుకని చదువరులు అడుగవచ్చును. రేగడి, చౌడు అన్న రెండు మాటలూ మన పొలాలలోనివే కదా!

మేడ్చల్ పారిశ్రామిక వాడలోను, దక్షిణాన జీడిమెట్ల, బాలానగర్‌లలోను పోతశాలలు ఉన్నవి. పంపు గుల్ల వంటి వస్తువుకు అచ్చును ఇసుకతో కడతారు. వట్టి ఇసుక నిలువదు. నూటికి 6 మొదలు 10 పాళ్ల బంకమన్ను, 3, 4 పాళ్ల నీరు కలపాలి. ఆ మన్ను పేరు బెంటొనైటు. మన దేశంలో ముఖ్యంగా గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బాడ్మేర్ ప్రాంతాలలో త్రవ్వుతారు. దానిలోని ప్రధాన ఖనిజం మాంట్‌మొరిల్లొనైటు. రేగడిని ఉబ్బించేదీ ఆ జాతి ఖనిజమే. కాని రేగడిలో సున్నపుగడ్డలు, ఇతర మలినాలు మెండు గనుక అది నేరుగా పోతపనికి కొరగాదు.

ఈ ఖనిజం పుస్తకపు పుటలవలె పలుచని పొరల దొంతర. పొరల నడుమ కాల్షియం ఉంటే వాటిని దగ్గరగా పట్టి ఉంచుతుంది. నీరు కొద్దిగానే చొరబడుతుంది. సోడియం ఉంటే పట్టు సడలి, పొరలు విడివడి, మన్ను ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కనుక కాల్షియం మన్నును తడిపి, నూటికి 2 మొదలు 5 పాళ్ల సోడా యాష్ చేర్చి, యంత్రంలో బాగా మర్దించి, కొన్నాళ్లు మాగనిచ్చి, ఆరబెట్టి పొడిచేస్తారు. సోడియం వచ్చి కాల్షియం స్థానంలో కూర్చుంటుంది. ఆరబెట్టేటప్పుడు వేడి మితిమీరితే శ్రమ వృథా.

ఇంత శ్రమ ఎందుకు? దాదాపు 1,350 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల ఇనుము పడగానే అచ్చు ముఖంలోని తడి ఆవిరియై వెనుకకు పోయి, చల్లని ఇసుకలో మళ్లీ నీరవుతుంది. ఆ తడిపొర బలహీనం. కాల్షియం మన్ను అక్కడ పట్టు వదలితే ఇసుక పెచ్చులూడుతుంది. పోత వస్తువు తుక్కులో పడుతుంది. సోడియం మన్ను ఆ తడిలోను అంత సులభంగా పట్టు విడువదు. సోడా ఎక్కువైతే మాత్రం ఇసుక త్వరగా కరిగి ఇనుమును అంటుకొంటుంది.

పూర్వం రజకులు బట్టలకు వాడిన చౌడులో ఉన్నదీ ఈ సోడాయే. అచ్చుకు మేలుచేసే సోడియం చేనును చెరుస్తుంది. మట్టి రంధ్రాలు పూడి నీరింకదు. అప్పుడు రైతు జిప్సం చల్లి కాల్షియాన్ని తిరిగి తెస్తాడు. పోతమన్నుకు జరిగిన మార్పిడే పొలంలో తలక్రిందులుగా జరుగుతుందన్నమాట.

పాఠశాలలో దీనిని చూపవచ్చును. కొలత గుర్తులున్న గాజు జాడీలో 100 మిల్లీలీటర్ల నీరు పోసి, 2 గ్రాముల మన్నుపొడిని చిటికెడు చిటికెడుగా చల్లి, మరునాటి వరకు కదపక ఉంచాలి. మంచి సోడియం మన్ను 20 మిల్లీలీటర్ల గుర్తు దాటి మెత్తగా పేరుకొంటుంది. కాల్షియం మన్ను చాలా దిగువనే ఆగిపోతుంది.