అటక మీది పెట్టె

రమజాన్ సమీపించగానే మన ఇళ్లలో సున్నాలు వేయడం, బూజు దులపడం మొదలవుతాయి. అటక మీది పెట్టె కిందికి దిగుతుంది. అందులో పిల్లలకు పొట్టివైన షేర్వానీలు, పెళ్లిలో వచ్చి నేటికీ విప్పని స్టీలు డబ్బాలు, రెండు మూడు అదనపు రజాయిలు. "ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటాము. సంకల్పం మంచిదే. అయితే ఆ మూటలోకి గుండీలు ఊడిన చొక్కా, అడుగు మాడిన గిన్నె కూడా చేరిపోతాయి.

దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 267వ ఆయతు ఈ మూటను చూసి చెప్పినట్లే ఉంటుంది. మనకే ఎవరైనా ఇస్తే కళ్లు మూసుకుంటే తప్ప పుచ్చుకోలేని వస్తువును దానానికి ఏరవద్దని దాని భావం. కనుక ఉతికి, గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వాలి. రజాయి ఇవ్వదలిస్తే చలి మొదలుకాకముందే ఇవ్వండి. బాగుచేయ వీలులేనిది పాతసామాన్ల వానికి వేయండి. దానికి సదఖా అని పేరు పెట్టనక్కరలేదు.

ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయతు అవతరించినప్పుడు హజ్రత్ అబూ తల్హా (రజి) తమకు అత్యంత ప్రియమైన బైరుహా తోటను ఇవ్వజూపారు. దానిని దగ్గరి బంధువులకే పంచమని దైవప్రవక్త (స) సూచించారు. మనమో, బంధువులకు ఇస్తే చిన్నబుచ్చుకుంటారని వెనకాడతాము! నలుగురి ముందు చేతిలో పెడితే చిన్నబుచ్చుకోక ఏం చేస్తారు?

మరొక మాట. ఆ పెట్టె మరణించిన తండ్రిదైతే, అందులోని కంబళి సైతం వారసుల ఉమ్మడి సొత్తు. చెల్లెలు సౌదీలో ఉన్నా సరే, ఫోను చేసి అడిగాకే ఇవ్వాలి. వారసులలో చిన్నపిల్లలుంటే వారి వాటాను ముట్టరాదు.