గ్రీకు విషాద నాటకపు మాటలు – క్రొత్త నిబంధన విద్యార్థి

క్రొత్త నిబంధన గ్రీకు నేర్చుకొనుచున్న విద్యార్థి ఒకరు గ్రంథాలయములో అరిస్టాటిల్ 'కావ్యశాస్త్రము' తెరిచారనుకొందాము. క్రీ.పూ. 4వ శతాబ్దపు ఈ చిన్న గ్రంథము విషాద నాటకమును గూర్చి వ్రాయబడినది. 13వ అధ్యాయములో 'హమర్తియా' అను మాట కనబడగానే, "ఇది రోమా పత్రికలోని మాటే కదా" అని ఆ విద్యార్థి సంతోషిస్తారు. మాట అదే. అర్థము అదేనా అన్నదే మన ప్రశ్న.

సొఫొక్లీసు రచించిన 'ఈడిపస్ రాజు' నాటకమును ఉదాహరణగా తీసుకొందాము. క్రీ.పూ. 5వ శతాబ్దములో ఏథెన్సులో డయొనీసస్ దేవత పండుగలో ముగ్గురు కవులు పోటీపడేవారు. ఒక్కొక్కరు మూడు విషాద నాటకములను, ఒక హాస్య ప్రధానమైన సాటిర్ నాటకమును ప్రదర్శింపజేసేవారు. ఈడిపస్ తన తండ్రియని ఎరుగక ఒకనిని త్రోవలో చంపుతాడు. తల్లియని ఎరుగక యొకాస్టాను వివాహమాడుతాడు. అరిస్టాటిల్ చెప్పినదేమనగా, విషాద నాయకుడు మహా నీతిమంతుడు కాడు, దుర్మార్గుడునూ కాడు. అతడు దుష్టత్వము వలన గాక, ఏదో ఒక గొప్ప 'హమర్తియా' వలన పడిపోతాడు. ఇక్కడ ఆ మాటకు పొరపాటు, తెలియక చేసిన తప్పు అను అర్థమే సరిపడుతుంది. కొన్ని ఆంగ్ల పాఠ్యపుస్తకములు దీనిని 'స్వభావ లోపము' అని అనువదించి, ఈడిపస్ గర్వమే అతని లోపమని నేర్పుతాయి. మా దృష్టిలో అది అరిస్టాటిల్ మాటను మించి పోవుటయే.

హోమరు కాలము నుండి ఈ ధాతువుకు 'విసిరిన ఈటె గురి తప్పుట' అను అర్థమున్నది. మన ప్రసంగములలో ఇది బాగా వాడుకలో ఉన్న ఉపమానము. కొన్నేండ్ల క్రితము మేమే ఒక కూటములో "పాపమంటే గురి తప్పుట" అని ఉత్సాహముగా బోధించాము. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, దావీదు ఊరియాను చంపించినప్పుడు గురి తప్పాడా అండీ? గురి చూసే కొట్టాడు కదా" అన్నారు. మా యొద్ద జవాబు లేకపోయినది.

జవాబు సెప్టూజింటులో ఉన్నది. క్రీ.పూ. 3వ శతాబ్దము నుండి హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి తెచ్చిన యూదులు, దేవునికి విరోధముగా చేయు అపరాధమునకు ఈ 'హమర్తియా' మాటనే వాడారు. నాటకశాలలో పొరపాటును సూచించిన మాటకు నిబంధన, ధర్మశాస్త్రము, బలిపీఠము నేపథ్యమైనవి. పౌలు ఆ మాటను అక్కడ నుండి అందుకున్నాడు, నాటకశాల నుండి కాదు. ధాతువు చరిత్రను ప్రసంగ వేదిక మీదికి తెచ్చి పాపమును చిన్న పొరపాటుగా తగ్గించినప్పుడు మనము లేఖనమునకు అన్యాయము చేస్తున్నాము.

దీనికి ఎదురు తప్పు కూడ ఉన్నది. విషాద నాటకము చదివినవారికి పడిపోయిన ప్రతివానిలో ఒక లోపమును వెదకు అలవాటు అబ్బుతుంది. యోహాను 9:2లో శిష్యులు పుట్టు గ్రుడ్డివానిని చూచి ఎవరు పాపము చేసిరని అడిగినప్పుడు, మూలములోని క్రియ 'హమర్తియా' ధాతువు నుండి వచ్చినదే. ప్రభువు ఆ వెదకులాటను త్రోసివేశాడు. బిడ్డను పోగొట్టుకున్న యింటికి వెళ్లినప్పుడు ఈ వచనము మన మనస్సులో ఉంటే మన నోట కొన్ని మాటలు రావు.

'ఎలెయోస్' అను మాట మరింత ఆలోచింపజేస్తుంది. విషాద నాటకము జాలిని, భయమును పుట్టించి, వాటి ద్వారా 'కథార్సిస్' కలిగిస్తుందని అరిస్టాటిల్ అంటాడు. ఆ జాలియే 'ఎలెయోస్'. అది అయోగ్యముగా శ్రమపడు వానియెడల మాత్రమే కలుగుతుందని అతని నిర్ణయము. దుర్మార్గుడు పడిపోతే జాలి కలుగదు. తీతు 3:5లో మనలను రక్షించిన దేవుని కనికరమునకు ఇదే మాట. అయితే అక్కడ నీతిక్రియలు లేనివారు ఆ కనికరమును పొందుతున్నారు. అరిస్టాటిల్ లెక్క తలక్రిందులైనది.

'కథార్సిస్' అర్థమును గూర్చి పండితులు నేటికినీ ఏకీభవించలేదు. వైద్యములోని విరేచనమా, మతాచారములోని శుద్ధీకరణమా, మనస్సు తేటపడుటయా అని వాదములున్నవి. ఈ నామవాచకము క్రొత్త నిబంధనలో లేదు, కాని దాని జ్ఞాతి క్రియ 'కథరీజో' 1 యోహాను 1:7లో ఉన్నది. దావీదు 51వ కీర్తన రెండవ వచనపు గ్రీకు అనువాదములో 'హమర్తియా', 'కథరీజో' రెండును ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఆ పెద్దాయనకు మేము ఆ రోజు చూపవలసిన వచనము అదే.

'పెరిపెటేయా' అనగా పరిస్థితి తలక్రిందులగుట. కొరింథు నుండి వచ్చిన దూత ఈడిపస్ భయమును పోగొట్టబోయి, అతడెవరో బయలుపరచి నాశనమునకు దారి తీస్తాడు. 'అనగ్నోరిసిస్' అనగా గుర్తించుట. లూకా 24లో ఎమ్మాయు శిష్యులు ప్రభువును గుర్తుపట్టిన క్రియ దీనికి దగ్గరి చుట్టమే. ఈడిపస్‌కు గుర్తింపు కన్నులు పొడుచుకొనుటకు దారి తీసింది. వీరికి కన్నులు తెరువబడెను. 'హుబ్రిస్' అను మాటను మాత్రము జాగ్రత్తగా వాడాలి. నేటి పుస్తకములు దానిని గర్వమంటాయి గాని, గ్రీకులో అది ముఖ్యముగా ఇతరులను అవమానించి హింసించుట. అపొ. కార్యములు 27:10లో ఓడకు కలుగబోవు హానికి సైతము ఆ మాటే వచ్చినది.

ఇక వేషధారి. 'హుపోక్రిటేస్' అనగా నాటకములో పాత్రధారి. మన తెలుగు బైబిలు అనువాదకులు ఎన్నుకున్న 'వేషధారి' అను మాట వేషము కట్టు నటుని మన కన్నుల ముందు నిలబెడుతుంది. ఇంత చక్కగా కుదిరిన మాటలు తక్కువ. అయితే యోబు గ్రంథపు సెప్టూజింటులో ఇదే మాట భక్తిహీనునికి వాడబడినది. కనుక మత్తయి 23లో కేవలము నటన మాత్రమే కాక భక్తిహీనత కూడ ధ్వనిస్తుంది.

నటుడు ధరించు ముసుగును 'ప్రోసోపోన్' అంటారు. క్రొత్త నిబంధనలో అది సాధారణముగా ముఖము. త్రిత్వ వివాదములలో ఈ మాటకు చిక్కు వచ్చినది. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ఒకే నటుడు మార్చుకొను మూడు ముసుగులవంటివారని అర్థము చేసికొను ప్రమాదమున్నదని 4వ శతాబ్దములో కైసరయ బాసిలు అభ్యంతరపడి, 'హుపోస్టాసిస్' అను మాటను కూడ పట్టుబట్టాడు. క్రీ.శ. 451లో కల్కెదోను సభ క్రీస్తును గూర్చి రెండు మాటలను కలిపి వాడినది. ఒక్క మనిషి తండ్రిగా, భర్తగా, ఉద్యోగిగా ఉంటాడను ఉపమానముతో త్రిత్వమును వివరించు మన ఆదివారపు బడి పాఠములను బాసిలు విని ఉంటే, అదే అభ్యంతరమును మరల చెప్పేవాడు.