ఉప్పల్ దాటితే మిగిలేది పేరే

2025 మార్చి 30న విశాఖపట్నంలో సన్‌రైజర్స్ హైదరాబాద్, ఢిల్లీ క్యాపిటల్స్ జట్లు ఐపీఎల్ మ్యాచ్ ఆడాయి. ఆడేది తెలుగు గడ్డ మీద, ఒక జట్టు పేరులోనేమో హైదరాబాద్ ఉంది. అది మనవాళ్ల సొంత మ్యాచే అనుకుంటాం. కానీ షెడ్యూలు ప్రకారం ఆ రోజు ఇంటివాళ్లు ఢిల్లీ, చుట్టాలు హైదరాబాద్. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి పుట్టిన ఊళ్లోనే అతిథి జట్టు జెర్సీ వేసుకుని దిగాడు. ఢిల్లీ బౌలర్ స్టార్క్ 5 వికెట్లు తీశాడు, హైదరాబాద్ 163కి ఆలౌటైంది, ఢిల్లీ 16 ఓవర్లలో ఆట ముగించింది. వారం తిరిగిందో లేదో, ఏప్రిల్ 6న ఉప్పల్‌లో ఇంకో వింత. హైదరాబాద్ పిల్లవాడు మహమ్మద్ సిరాజ్ గుజరాత్ తరఫున బౌలింగ్‌కు వచ్చి, 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీసి హైదరాబాద్‌నే ఓడించాడు. ఈ రెండు మ్యాచ్‌లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక జట్టును ఫలానా ఊరి జట్టు అనడానికి ఇప్పుడు ఆధారమేమిటన్న సందేహం వస్తుంది. తన వాటా హోం మ్యాచ్‌లను తీసుకెళ్లి ఇంకో ఊళ్లో ఆడించే పద్ధతి తరచూ కనిపిస్తోంది కాబట్టి ఈ సందేహాన్ని కాస్త లోతుగా చూడాలి.

ఈ వ్యాపారం బాగా ముదిరింది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో. అక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన బంతాట కాదు, రగ్బీకి దగ్గరి చుట్టం. ఒక్కో విశ్వవిద్యాలయానికి సొంత స్టేడియం ఉంటుంది, పూర్వ విద్యార్థులు తరాల తరబడి అవే సీట్లలో కూర్చుంటారు. 2010లో ఇండియానా యూనివర్సిటీ పెన్ స్టేట్‌తో తన సొంత ఊళ్లో ఆడాల్సిన మ్యాచ్‌ను రాజధాని వాషింగ్టన్ పక్కనున్న ఒక ప్రొఫెషనల్ జట్టు స్టేడియానికి తరలించింది. అందుకు దానికి ముట్టింది 30 లక్షల డాలర్లు. పేరుకు అది ఇండియానా హోం మ్యాచే. అయితే ఆ ప్రాంతం పెన్ స్టేట్ పూర్వ విద్యార్థులకు కంచుకోట. స్టాండ్లు అవతలి జట్టు అభిమానులతో నిండాయి, పెన్ స్టేట్ 41–24తో గెలిచింది. ఇండియానా డబ్బు తెచ్చుకుంది, తన జనం ముందు ఆడే అవకాశాన్ని ఇచ్చివచ్చింది. అదే దేశంలో టెక్సాస్, ఓక్లహామా జట్లు ఏటా డల్లాస్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలో తలపడతాయి. దాన్నెవరూ తప్పు పట్టరు. ఆ వేదిక రెండు ఊళ్లకూ నడిమధ్యన ఉంటుంది, స్టేడియంలో సగం ఒకరిది, సగం ఇంకొకరిది. తొంభై ఏళ్లకు పైగా అదే స్థలం, ఎవరికీ తెలియకుండా మారిందేమీ లేదు. అంటే తటస్థ వేదిక అన్నంత మాత్రాన అన్యాయం అనలేం. ఎవరి వంతును ఎవరు, ఎవరిని అడిగి ఇచ్చేశారన్నదే అసలు ప్రశ్న.

ఐపీఎల్‌లో డబ్బు నడిచే తీరు చూస్తే ఈ వలస ఎందుకు తేలికో తెలుస్తుంది. 2023 నుంచి 2027 వరకు ఐదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. అందులో పెద్ద వాటా జట్లకు చేరుతుంది, అది మ్యాచ్ ఏ ఊళ్లో జరిగినా మారదు. మారేది గేటు వసూలు, స్థానిక ప్రకటనలు, స్టేడియం ఖర్చు. టికెట్ల డబ్బు హోం ఫ్రాంచైజీది. మైదానం ఇచ్చినందుకు రాష్ట్ర క్రికెట్ సంఘానికి 2020 నుంచి మ్యాచ్‌కు కోటి రూపాయలు దక్కుతాయి, అందులో సగం ఫ్రాంచైజీ, సగం భారత క్రికెట్ బోర్డు భరిస్తాయి. ఒక్కో జట్టుకు లీగ్ దశలో ఏడు హోం మ్యాచ్‌లు. వాటిలో రెండు కొత్త ఊళ్లో ఆడితే అక్కడ జనం ఎగబడతారు, ఆ ఊరి వ్యాపారులు ప్రకటనలకు ముందుకొస్తారు, అక్కడి ప్రభుత్వం, సంఘం ఏవో వెసులుబాట్లు ఇస్తాయి. సొంత ఊళ్లో మిగిలిన ఐదు మ్యాచ్‌లకు గిరాకీ కూడా పెరుగుతుంది. ఢిల్లీకి విశాఖ నచ్చడానికి ఇంకో కారణమూ ఉంది. ఆ జట్టులో సగం వాటా జీఎంఆర్ సంస్థది, దాని మూలాలు ఉత్తరాంధ్రలోని రాజాంలో ఉన్నాయి. హైదరాబాద్ జట్టు యజమానులేమో చెన్నైవాళ్లు. ఢిల్లీ జట్టు వెనక తెలుగువాళ్లు, హైదరాబాద్ జట్టు వెనక తమిళులు. ఇందులో తప్పేమీ లేదుగానీ తమాషా మాత్రం ఉంది.

తప్పనిసరై ఊరు మారడం వేరు. దాన్ని ఈ లెక్కలో కలపకూడదు. 2016లో మహారాష్ట్ర కరువుతో అల్లాడుతుంటే పిచ్‌లకు నీళ్లు పోయడమేమిటని బొంబాయి హైకోర్టు ఏప్రిల్ 30 తర్వాతి మ్యాచ్‌లను రాష్ట్రం దాటించమంది. ముంబై, పుణె జట్లు రెండూ విశాఖకు వచ్చాయి. 2010లో తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్నప్పుడు డెక్కన్ ఛార్జర్స్ తన హోం మ్యాచ్‌లను నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలలో ఆడింది. అంతకు ముందు ఏడాది ఎన్నికల వల్ల టోర్నీ మొత్తం దక్షిణాఫ్రికాకు తరలిపోతే, అదే జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే కప్పు గెలిచింది. 2018లో కావేరి ఆందోళన వల్ల చెన్నై జట్టు పుణెకు వెళ్లాల్సి వచ్చింది. అప్పుడు ఆ ఫ్రాంచైజీ ప్రత్యేక రైలు వేసి దాదాపు వెయ్యి మంది అభిమానులను చెన్నై నుంచి పుణె తీసుకెళ్లింది. ప్రచారం కోసం చేసిందే అనుకుందాం. అయినా, ఆట తరలిస్తే జనానికి నష్టం జరుగుతుందనీ, దాన్ని పూడ్చాల్సింది జట్టేననీ ఒప్పుకున్నట్టు ఆ రైలుతో తేలింది. డబ్బు కోసం తరలించిన మ్యాచ్‌లకు అలాంటి రైళ్లు వేయడం కనపడదు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం చరిత్రలోనే ఉంది. హైదరాబాద్ నగరం గర్వపడే ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ సిటీ పోలీస్. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. దాని గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఆ తర్వాత భారత జట్టును 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి చేర్చి, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిపెట్టాడు. ఆ రోవర్స్ కప్పులన్నీ బొంబాయిలో గెలిచినవే. ఊరికి దూరంగా ఆడినా అది హైదరాబాద్ జట్టు కాకుండా పోలేదు కదా, మరి ఇప్పుడెందుకీ గోల అనవచ్చు. నిజమే. కానీ ఆ ఆటగాళ్ల ఉద్యోగాలు ఈ నగర పోలీసు శాఖలో, కాపురాలు ఈ గల్లీల్లో, సాధన ఈ మైదానాల్లో. కప్పు ఎక్కడ ఎత్తినా మోసుకొచ్చేది ఇక్కడికే. ఫ్రాంచైజీ జట్టుకు ఆ వేళ్లు లేవు. 2025 సన్‌రైజర్స్‌నే చూడండి. కెప్టెన్ కమిన్స్ ఆస్ట్రేలియావాడు, కోచ్ వెటోరి న్యూజిలాండ్‌వాడు, ఆటగాళ్లు వేలంలో వచ్చినవాళ్లు. హైదరాబాదీలైన సిరాజ్ గుజరాత్‌కు, తిలక్ వర్మ ముంబైకి ఆడుతున్నారు. ఇవన్నీ తీసేస్తే ఆ జట్టులో హైదరాబాద్‌ది అని చూపించగలిగింది ఒక్కటే: ఏడాదికి ఏడుసార్లు ఉప్పల్‌లో ఆడటం. పాత జట్టుకు హోం మ్యాచ్ చాలా బంధాల్లో ఒక బంధం. కొత్త జట్టుకు ఉన్న బంధమే అది. దాన్ని అమ్మితే పోయేది రెండు సాయంత్రాలే అని యజమాని లెక్కేసుకోవచ్చు. నిజానికి పోయేది ఆ పేరు వాడుకోవడానికి ఉన్న ఏకైక యోగ్యత.

ఇది ఊహ కాదనడానికి హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చాలు. 2019లో పుణె ఫుట్‌బాల్ జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. కరోనా వల్ల రెండు సీజన్లు పూర్తిగా గోవాలోనే ఆడింది. 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది. ఊరికి అలవాటు కావాల్సిన రోజుల్లో ఊళ్లో లేదు. తర్వాత జీతాలు ఇవ్వలేని దశకు చేరింది, యాజమాన్యం మారింది, 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ జట్టుగా పేరు మార్చుకుంది. ఆపడానికి వీధికెక్కినవాళ్లు పెద్దగా లేరు. రహీం సాబ్ నగరంలో ఫుట్‌బాల్ జట్టు వెళ్లిపోతే ఇంత నిశ్శబ్దమా అని బాధపడేవాళ్లున్నారు, కానీ జనాన్ని తప్పు పట్టి లాభం లేదు. ఆ జట్టు జనానికి తగినన్ని సాయంత్రాలు ఇవ్వలేదు.

హైదరాబాద్‌కు దూరంగా ఉన్నవాళ్లు వేసే ప్రశ్న ఇంకోటి ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా బలమైనది అదే. భూపాలపల్లి జిల్లా కాటారంలో ఉన్న అభిమానికి ఉప్పలైతేనేం, విశాఖైతేనేం? హైదరాబాద్ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. చూసేది ఎలాగూ ఫోన్‌లోనే. సన్‌రైజర్స్ ఎక్కడ ఆడితే అతనికేం నష్టం? మొదటి సంగతి, ఉప్పల్ ఈ జిల్లాలకు నగరంలోని ఏదో ఒక మూల కాదు, నగరం గడప. భూపాలపల్లి, పరకాల, హనుమకొండ, జనగామ మీదుగా వచ్చే బస్సు హైదరాబాద్‌లో అడుగుపెట్టేదే ఉప్పల్ రింగురోడ్డు దగ్గర. మహబూబాబాద్‌లో రైలెక్కినవాళ్లు సికింద్రాబాద్‌లో దిగి, నాగోలు వైపు మెట్రో ఎక్కితే స్టేడియం పేరుతోనే స్టేషను ఉంది. ఏడాదికోసారి దోస్తులంతా కలిసి డబ్బులు పోగేసుకుని చూడగలిగిన మ్యాచ్ ఏదైనా ఉంటే అది ఉప్పల్‌లో జరిగేదే. టికెట్ మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు నుంచి 40 శాతమైంది, వెయ్యి రూపాయల సీటు చేతికి వచ్చేసరికి పద్నాలుగు వందలు. దానికి విశాఖ రైలు ఛార్జీలు, లాడ్జి ఖర్చు కూడా తోడైతే ఆ మాటే ఎత్తరు. రెండో సంగతి, ఫోన్‌లో చూసే ఆటకు రుచి వచ్చేది స్టాండ్ల అరుపుల నుంచే. 2020లో ఖాళీ స్టేడియాల్లో ఐపీఎల్ జరిపినప్పుడు ప్రసారంలో రికార్డు చేసిన కేకలు కలపాల్సి వచ్చింది. అంటే 48 వేల కోట్లు పెట్టి కొన్న సరుకులో ఉప్పల్ మెట్ల మీద గొంతు చించుకున్నవాడి కష్టం కూడా ఉంది. అతనికి వాటా లేదు సరే, కనీసం మాటైనా ఉండాలి కదా.

చిన్న ఊళ్లకు ఆట చేరుతుందన్న వాదనను కొట్టిపారేయలేం. రాజస్థాన్ జట్టు 2023 నుంచి గువాహటిలో కొన్ని మ్యాచ్‌లు ఆడుతోంది. ఈశాన్యానికి వేరే జట్టు లేదు, అది ఒక్క ఏటి ముచ్చటా కాదు, కాబట్టి దాన్ని రెండో ఇల్లు అనడానికి అర్థముంది. అయితే ఆటను పంచడమే అసలు ఉద్దేశమైతే సన్‌రైజర్స్ చూపు ఏదో ఒక రోజు ఓరుగల్లు మీద పడాలి. 2015లో ఈ జట్టు మూడు హోం మ్యాచ్‌లు విశాఖలో ఆడింది, ఓరుగల్లు ఊసే లేదు. అక్కడ ఆ స్థాయి స్టేడియం లేదు కదా అంటారు. అదే నేనూ అంటున్నది: ఆట వెళ్లేది ఆకలి ఉన్న చోటికి కాదు, స్టేడియం కట్టి సిద్ధంగా ఉన్న చోటికి. కబడ్డీలోనూ అంతే. ఈ పల్లెల్లో క్రికెట్ కంటే పాత ఆట అది. ప్రో కబడ్డీ మొదట్లో ఊరూరా తిరిగేది. 2024లో మూడు నగరాలకు కుదించారు. 2025లో విశాఖ, జైపూర్, చెన్నై, ఢిల్లీ అన్నారు. తెలుగు టైటాన్స్‌కు విశాఖ దక్కింది. ఆ ఏడాది తెలంగాణలో ఒక్క మ్యాచ్ కూడా లేదు.

సొంత సంఘమే వేధిస్తే జట్టు వెళ్లిపోక ఏం చేస్తుందన్న మాట 2025 మార్చిలో బాగా వినిపించింది. హైదరాబాద్ క్రికెట్ సంఘం ఉచిత పాసుల కోసం బెదిరిస్తోందని, ఒక మ్యాచ్ రోజు కార్పొరేట్ బాక్సుకు తాళం వేసిందని సన్‌రైజర్స్ యాజమాన్యం ఆరోపిస్తూ లేఖ రాసింది. ఇలాగైతే హైదరాబాద్ వదిలిపోతామంది. సంఘం ఆ ఆరోపణలను కాదంది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణ వేయించారు, జూలైలో సీఐడీ సంఘం అధ్యక్షుణ్ణి అరెస్టు చేసింది. తప్పెవరిదో న్యాయస్థానం తేలుస్తుంది. ఆరోపణలు నిజమని తేలినా, శిక్ష పడాల్సింది సంఘం పెద్దలకు. జట్టు వెళ్లిపోతే శిక్ష పడేది టికెట్ కొన్నవాళ్లకు. ఆ గొడవలో ఒకరు పాసుల కోసం, ఇంకొకరు పాసులు ఇవ్వకుండా ఉండటం కోసం పందెంలో పెట్టింది వాళ్లనే.

అభిమానులకు పందెం కావడం తప్ప దారి లేదా అంటే ఉంది. స్పెయిన్‌లో విల్లారియల్, బార్సిలోనా మధ్య లీగ్ మ్యాచ్‌ను 2025 డిసెంబరులో అమెరికాలోని మయామికి తరలించాలనుకున్నారు. ఇతర జట్ల ఆటగాళ్లు మ్యాచ్ మొదలవగానే పదిహేను సెకన్లు కదలకుండా నిలబడి నిరసన తెలిపారు, అభిమాన సంఘాలు ఒక్కటయ్యాయి, అక్టోబరులోనే ఆ ఆలోచన మానుకున్నారు. ఇక్కడ అలాంటి అభిమాన సంఘాలు లేవు, కాబట్టి ఆ పని బోర్డు నిబంధనల్లో జరగాలి. తరలించే మ్యాచ్‌లేవో టికెట్లు అమ్మకానికి పెట్టకముందే చెప్పాలి. కరువో, ఎన్నికలో, శాంతిభద్రతలో కారణం కాకపోతే ఏడింటిలో రెండుకు మించి కదలకూడదు. కదిలిన ప్రతి మ్యాచ్‌కూ బదులుగా సొంత రాష్ట్రంలోని జిల్లా యువకులకు తక్కువ ధర సీట్లు కొన్ని కేటాయించాలి. ఇవేవీ ఫ్రాంచైజీల నడుము విరిచే షరతులు కావు. ఉప్పల్ గొడవ మాత్రం ఏప్రిల్ మొదటి వారానికే సద్దుమణిగింది. సీట్లలో పది శాతం, అంటే 3,900 పాసులు, ఎప్పటిలాగే సంఘానికి వెళ్లేలా ఇద్దరూ రాజీపడ్డారు. మిగతా 35 వేల సీట్లవాళ్ల గురించి ఆ రాజీలో ప్రస్తావన లేదు.