ట్రాలీని పట్టుకునే సీల

పిల్లలూ! సంక్రాంతి రోజుల్లో మా కోటవురట్ల దారిలో నిలబడితే చెరకు నింపుకున్న ట్రాక్టర్లు కనిపిస్తాయి. అంత బరువు ట్రాలీని ట్రాక్టరుకు కలిపి ఉంచేది ఏమిటో చూచారా? ఒక్క ఇనుప సీల!

ట్రాక్టరు వెనుక, అడుగున, బెజ్జమున్న ఇనుప పట్టీ ఉంటుంది. ట్రాలీ నొగ చివరనున్న బెజ్జాన్ని దానికి సరిగా చేర్చి, సీలను పైనుంచి దించుతారు. సీల అడుగు కొసన ఒక చిన్న పిన్ను తొడుగుతారు. గతుకుల్లో సీల ఎగిరి ఊడిపోకుండా ఆపేది ఆ పిన్నే. అది లేకపోతే, ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాలీ విడిపోయి వెనక్కు దొర్లవచ్చు.

సీల అంత కిందనే ఎందుకు? మీరే పరీక్షించండి. తేలికైన కుర్చీని, వీపు ఆనే పలక పైకొసన పట్టుకొని వెనక్కు లాగండి. ముందు కాళ్ళు లేస్తాయి. వెనుక కాళ్ళ అడుగున తాడు కట్టి లాగండి. కుర్చీ జరుగుతుందేగాని లేవదు. బరువైన ట్రాలీ కూడ ట్రాక్టరును ఇలాగే వెనక్కు లాగుతూ ఉంటుంది. వెనుక ఇరుసుకన్న ఎత్తున తగిలిస్తే, ముందు చక్రాలు లేచి ట్రాక్టరు తిరగబడవచ్చు.

రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కాస్త ముందుగా ఉండాలి. ఎడ్లబండి తోలిన తాతగారిని అడగండి. బరువు వెనక్కు పోతే కాడి పైకి లేస్తుందని చెబుతారు.

తగిలించే పని పెద్దలది. ట్రాక్టరు వెనక్కు వస్తున్నప్పుడు మధ్యన ఎవరూ నిలబడరాదు. అది ఆగాకనే సీల వేయాలి. మీరు చేయగల పని ఒకటుంది. బయలుదేరేముందు, "చిన్న పిన్ను వేశారా?" అని అడగండి. చెరకు గడకోసం మాత్రం కదిలే ట్రాలీ వెంట పరుగెత్తకండి. గడ రేపైనా దొరుకుతుంది!