ఆఘాతానంతర ఒత్తిడి ప్రశ్నావళుల విశ్వసనీయత: ఉత్తరాంధ్ర భాషాసంస్కృతుల నేపథ్యం

1. ఉపోద్ఘాతం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు ఉత్తరాంధ్రను అతలాకుతలం చేశాయి. తిత్లీ పలాస సమీపంలో తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కూలిన చెట్లను లెక్కపెట్టవచ్చు. మనసుకు తగిలిన దెబ్బను కొలవటానికి ప్రశ్నలే ఆధారం. వేరొక సంస్కృతిలో రూపొంది, అనువాదమై వచ్చిన ప్రశ్నలను ఎంతవరకు నమ్మవచ్చునో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రశ్నావళుల పూర్వరంగం

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో వెలువరించిన డి.ఎస్.ఎం.-3లో పి.టి.ఎస్.డి. తొలిసారిగా ప్రత్యేక రుగ్మతగా చేరింది. వియత్నాం యుద్ధ సైనికుల అనుభవాలు అందుకు ఒక ముఖ్య ప్రేరణ. నేడు విస్తృతంగా వాడుతున్న పి.సి.ఎల్.-5లో 20 ప్రశ్నలుంటాయి. గడచిన నెలరోజుల బాధను ఒక్కొక్క ప్రశ్నకు 0 నుంచి 4 వరకు అంకెలతో గుర్తించాలి. ఒక సంస్కృతిలోని రోగవర్గాన్ని మరొక సంస్కృతికి యథాతథంగా ఆపాదించటం వర్గీకరణ దోషమని ఆర్థర్ క్లైన్‌మన్ 1977లోనే హెచ్చరించారు. పొరుగున ఉన్న ఒడిశాలో 1999 పెనుతుఫాను బాధిత బాలలపై నీలమాధవ్ కర్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం కూడా ఈ సాంస్కృతిక ప్రశ్నను చర్చించింది.

3. విశ్వసనీయత, సప్రమాణత

ప్రశ్నలన్నీ ఒకే దిశలో సమాధానాలు రాబడుతున్నాయా అన్నది క్రోన్‌బాక్ ఆల్ఫా తెలుపుతుంది. కొంత వ్యవధి తరువాత అదే వ్యక్తిని అడిగితే అదే ఫలితం వస్తుందా అన్నది పునఃపరీక్ష తెలుపుతుంది. అయితే అడుగు సొట్టపోయిన కుంచం ఎన్నిసార్లు కొలిచినా ఒకే కొలత ఇస్తుంది. ఆ కొలత మాత్రం తప్పు. అలాగే ప్రశ్నలను అందరూ ఒకే రీతిగా అపార్థం చేసుకున్నా ఆల్ఫా విలువ ఎక్కువగానే ఉండవచ్చు. కనుక విశ్వసనీయత అవసరమే గాని, సప్రమాణతకు అదొక్కటే చాలదు.

4. భాషాపరమైన చిక్కులు

22 ప్రశ్నల ఐ.ఇ.ఎస్.-ఆర్ ప్రశ్నావళిలో భావాలు మొద్దుబారటాన్ని గురించిన ప్రశ్న ఉంది. దానిని ‘తిమ్మిరి’ అని అనువదిస్తే కాళ్లూ చేతుల సంగతే సమాధానంగా వస్తుంది. ‘ఉలికిపాటు’ కంటే ‘జడుసుకోవటం’ కొందరికి దగ్గరి మాట కావచ్చు. కాని ఆ మాట వెంట పిల్లల జడుపు జ్వరం, తాయెత్తు వంటి భావనలు కూడా వస్తాయి. ‘చాలా’, ‘విపరీతంగా’ అనే మెట్ల మధ్య దూరం కూడా అందరికీ ఒక్కటి కాదు. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు రామమూర్తి జనం మాట్లాడే భాషకు పట్టం కట్టాలని వాదించారు. ఆ వాదం ఇక్కడ శైలికి సంబంధించినది మాత్రమే కాదు, కొలత కచ్చితత్వానికి సంబంధించినది.

సవరల విషయంలో చిక్కు మరింత లోతైనది. సవర ముండా భాష. తెలుగు ద్రావిడ భాష. తెలుగు ప్రశ్నను సర్వే చేసేవారు అక్కడికక్కడే సవరలోకి మార్చి అడిగితే, ఎంతమంది అడిగితే అన్ని ప్రశ్నావళులు తయారవుతాయి.

5. జీవన నేపథ్యం

ఆఘాతాన్ని గుర్తుచేసే చోటికి వెళ్లకపోవటం ఒక లక్షణం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. మే నెలలో అడిగితే మత్స్యకారుడు సముద్రం మీదికి వెళ్లలేదనే చెబుతాడు. అది భయమా, నిబంధనా? నిషేధం ముగిశాక కడుపు కోసం వెళ్లినవానికి భయం లేదనీ చెప్పలేము. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి విస్తారంగా ఉంది. నిద్రలేమి, అలసట ఆ వ్యాధిలోనూ కనిపిస్తాయి. అక్టోబరులో తుఫాను హెచ్చరిక రాకముందు ఒకసారి, వచ్చాక మరొకసారి పరీక్షిస్తే, అంకెల్లోని తేడా ప్రశ్నావళి లోపమని తీర్మానించలేము.

6. ముగింపు

అనువాదం, తిరుగు అనువాదం, నిపుణుల సమీక్షతో పని పూర్తికాదు. ప్రశ్నను ఏమని అర్థం చేసుకున్నారో సమాధానమిచ్చినవారి మాటల్లోనే చెప్పించుకోవాలి. ప్రశ్నావళి ఫలితాలను శిక్షణ పొందిన వైద్యుల ముఖాముఖి నిర్ధారణతో సరిపోల్చాలి. తీరంలోను, ఏజెన్సీలోను వేర్వేరుగా పరీక్షించిన తరువాతే అంకెలను పోల్చాలి. కొలత తప్పితే బాధలో ఉన్నవారు లెక్కలోకి రారు. లెక్కలోకి రానివారికి చికిత్స కూడా అందదు. అందువల్ల ఈ పరిశోధనలో మనస్తత్వ శాస్త్రజ్ఞుల పక్కన మాండలిక పరిశోధకులకు కూడా చోటు ఉండాలి.