పెట్రోలు ట్యాంకులో ఇంటి వైద్యం

పాత కారు మైలేజీ తగ్గిందని కామారెడ్డిలోనో, ఎల్లారెడ్డిలోనో నలుగురు కూర్చున్న చోట అంటే చాలు, సలహాలకు కొదువ ఉండదు. ట్యాంకులో నాఫ్తలీన్ గోలీలు వేయమని ఒకరు, గోళ్ళరంగు తుడిచే అసిటోన్ పోయమని ఇంకొకరు, కాస్త కిరోసిన్ కలపమని మరొకరు చెబుతారు. చెప్పేవారు మోసగాళ్ళు కారు, మన మేలు కోరేవారే. అందుకే ఆ మాటలు ఇట్టే నమ్మబుద్ధవుతాయి.

ఇంజనులో పెట్రోలు సమయానికి ముందే అంటుకోకుండా నిలిచే గుణాన్ని ఆక్టేన్ సంఖ్యతో కొలుస్తారు. నాసిరకం పెట్రోలు దొరికిన పాత రోజుల్లో నాఫ్తలీన్ వల్ల కొంత ప్రయోజనం ఉండి ఉండవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 ప్రమాణం సాధారణ పెట్రోలుకే ఆక్టేన్ కనీసం 91 ఉండాలని నిర్దేశించింది. పైగా ఇప్పుడు బట్టల బీరువాలో వేసే గోలీలన్నీ నాఫ్తలీన్ కావు. కొన్నింటిలో క్లోరిన్ ఉన్న వేరే రసాయనం ఉంటుంది. అది ఇంజనులో మండితే లోహాన్ని తినేసే ఆమ్లం పుడుతుంది.

కిరోసిన్ సంగతి మరీ చెడ్డది. దాని ఆక్టేన్ తక్కువ, ఆవిరయ్యే వేగమూ తక్కువ. కాలకుండా మిగిలినది సిలిండర్ గోడల వెంట జారి ఇంజనాయిలును పలుచన చేస్తుంది. అసిటోన్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. ఇంధన గొట్టం కారితే దాని పక్కనే వేడెక్కిన ఇంజను, వెనుక సీట్లో మన పిల్లలు!

1996లో తమిళనాడుకు చెందిన రామర్ పిళ్ళై మూలికలతో పెట్రోలు తయారుచేశానని ప్రకటించినప్పుడు దేశమే నివ్వెరపోయింది. అది పెట్రోలియం రసాయనాల మిశ్రమమేనని దర్యాప్తులో తేలింది. 2016లో చెన్నై న్యాయస్థానం ఆయనకు మూడేళ్ళ జైలుశిక్ష విధించింది. చెవినబడిన వార్తను నిర్ధారించుకోమని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా విశ్వాసులను ఆదేశిస్తోంది. ఆ ఆదేశం మెకానిక్ షెడ్డుకు వర్తించదని ఎవరనగలరు?

సొంత బండిని పాడుచేసుకోవడం ఒక నష్టం. కిరాయికి తిప్పే బండిలో కిరోసిన్ పోయడం, అలా నడిపిన కారును ఆ సంగతి దాచి అమ్మడం వేరు. పైన పొడి ధాన్యం, అడుగున తడి ధాన్యం పెట్టి అమ్ముతున్న వ్యాపారిని దైవప్రవక్త (సఅసం) బజారులోనే మందలించిన ఉదంతం మనకు తెలిసినదే. ఇంజను తడి పైకి కనబడదు, అంతే తేడా.

మైలేజీ తగ్గితే ముందుగా టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు చూపించాలి. వీటికయ్యే ఖర్చు ఇంజను మరమ్మతు ముందు ఏపాటిది?

ఇంట్లోని తల్లులకు మరొక మాట. గొట్టం పెట్టి నోటితో కిరోసిన్, పెట్రోలు లాగడాన్ని పిల్లలు చూసి అనుకరిస్తారు. చుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రమాదమే. వాటిని నీళ్ళ సీసాల్లో నిల్వచేయకండి. బిడ్డ కిరోసినో, గోలీయో మింగితే వాంతి చేయించవద్దు. ఆ సీసాను లేదా గోలీల కవరును వెంటబెట్టుకొని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.