ఒంటరిగా వెళ్ళేది... నలుగురిని కలవడానికే!

యూరప్ అనగానే మనలో చాలామందికి ఏం గుర్తొస్తుంది? ఈఫిల్ టవరు, స్విట్జర్లాండు మంచుకొండలు, ఆ కొండల మీద చలికి వణుకుతూ పల్చటి చీరలో డాన్సు చేసే హీరోయిన్! లేదంటే పది రోజుల్లో ఏడు దేశాలు చూపించి, మధ్యాహ్నానికి పప్పన్నం కూడా పెట్టే ప్యాకేజీ టూరు. బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, బస్సెక్కడం... ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ ఊరిదో చెప్పడం మాత్రం కష్టం.

అలాంటి టూర్లను తప్పుపట్టడం లేదు. ఎవరి ఓపిక, ఎవరి వీలు వాళ్ళది. కాకపోతే ఇంకో రకం ప్రయాణం కూడా ఉంది. చూడవలసిన కట్టడాల జాబితా కాకుండా, కలవవలసిన మనుషుల జాబితా పెట్టుకుని బయల్దేరే ప్రయాణం. అదీ ఒంటరిగా. ఈ సెప్టెంబరులో నేను తలపెట్టింది అదే. ముప్పై ఎనిమిదేళ్ళ గృహిణికి మొదటి విదేశీ యాత్ర. ఆర్నెల్లుగా చేస్తున్న ఏర్పాట్లలో తెలుసుకున్న సంగతులు మీలో ఎవరికైనా పనికొస్తాయని ఇదంతా రాస్తున్నాను.

కోఠి నుంచి వెళ్ళిన ఉత్తరాలు

ఫోనులో మొహాలు కనిపిస్తూ మాట్లాడుకునే రోజుల్లో, మనుషుల్ని కలవడానికి అంత డబ్బు పోసి వెళ్ళాలా అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను మా కోఠి కథే చెబుతాను.

కోఠి విమెన్స్ కాలేజీ ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ అన్న సంగతి మీకు తెలిసిందే. ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. దాన్ని కట్టించిన రెసిడెంటు జేమ్స్ కిర్క్‌పాట్రిక్, హైదరాబాదు ప్రభువంశపు అమ్మాయి ఖైరున్నీసాను పెళ్ళాడాడు. వాళ్ళకు ఇద్దరు పిల్లలు. 1805లో ఆ పసివాళ్ళిద్దరినీ చదువు కోసం ఇంగ్లండుకు ఓడెక్కించారు. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి 1813లో, మళ్ళీ పిల్లల మొహం చూడకుండానే కన్నుమూసింది. ఓడెక్కేనాటికి మూడేళ్ళ పాప, కిట్టీ. ముప్పై ఆరేళ్ళ తర్వాత, 1841లో, హైదరాబాదులో ఉన్న అమ్మమ్మతో ఆమెకు ఉత్తరాలు మొదలయ్యాయి. కొన్నేళ్ళపాటు అటూ ఇటూ నడిచాయి. అయినా అమ్మమ్మా మనవరాలూ ఒకరినొకరు చూసుకోనేలేదు. మధ్యలో సముద్రాలు, నెలల తరబడి ప్రయాణం. ఇవాళ మనకు పది గంటల విమానం. వాళ్ళకు వీలు కానిది మనకు వీలవుతున్నప్పుడు, ఉత్తరాలతోనే సరిపెట్టుకోవడం ఎందుకు?

ఇక నాంపల్లి స్టేషను రోడ్డులోని గోల్డెన్ త్రెషోల్డ్ ముందు నుంచి మనం ఎన్నిసార్లు వెళ్ళి ఉంటామో! అది సరోజినీ నాయుడు పుట్టింటివారి ఇల్లు. నిజాం ప్రభువు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో 1895లో ఆమె ఇంగ్లండు వెళ్ళారు. అప్పటికి పదహారేళ్ళు. అక్కడ ఆమె చూసిన భవనాలకన్నా కలిసిన మనుషులే ఆమెకు మేలు చేశారు. ఎడ్మండ్ గాస్ అనే విమర్శకుడు ఆమె కవితలు చదివి, ఇంగ్లండు పక్షుల గురించి, పూల గురించి కాదు, మీ దేశం గురించి రాయమని సలహా ఇచ్చాడు. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితాసంపుటికి పేరు కూడా 'ది గోల్డెన్ త్రెషోల్డ్'. ఒక్క మనిషిని కలవడం వల్ల ఎంత మార్పు వస్తుందో చూశారా!

అంతకు ముందే, 1870లలో, మద్రాసు నుంచి పోతం జానకమ్మ రాఘవయ్య అనే తెలుగావిడ భర్తతో ఇంగ్లండు వెళ్ళొచ్చి, ఆ యాత్ర మీద పుస్తకం రాసింది. 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో అది 1876లో అచ్చయింది. కాబట్టి "మన ఆడవాళ్ళు ఎప్పుడైనా వెళ్ళారా?" అనే ప్రశ్నకు నూట యాభై ఏళ్ళ కిందటే జవాబు దొరికింది.

ముందు మనుషులు, తర్వాతే ఊళ్ళు

నా జాబితాలో నలుగురున్నారు. జర్మనీలో కొలోన్‌లో డిగ్రీనాటి స్నేహితురాలు. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్‌లో చదువుకుంటున్న మా ఆడబిడ్డ కూతురు. బ్రస్సెల్స్‌లో ఇంతవరకూ మొహం చూడని ఒక లైబ్రేరియన్. పారిస్‌లో నా కథలు చదివి ఉత్తరాలు రాసే ఒక పెద్దావిడ.

ఈ పెద్దావిడది యానాం. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉంది. చట్టప్రకారం విలీనం పూర్తయింది 1962లో. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వమే ఉంచుకుని ఫ్రాన్సు వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాల్లో ఆవిడదీ ఒకటి. ఎనభై దాటాయి. "నువ్వొచ్చేదాకా ఉంటానమ్మా" అని రాశారు. నవ్వుతూ రాసిన మాటే కావచ్చు. కానీ అది చదివాక వచ్చే ఏడాదికి వాయిదా వేద్దామన్న ఆలోచన మానుకున్నాను.

నలుగురికీ రాసి ఎవరికి ఏ తేదీలు వీలో ముందు కనుక్కున్నాను. ఆ తర్వాతే మ్యాపు ముందేసుకున్నాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగడం, అక్కడి నుంచి కొలోన్, డెల్ఫ్ట్, బ్రస్సెల్స్, పారిస్, మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు నేరుగా విమానం 2024 జనవరిలో మొదలైంది. అక్కడి విమానాశ్రయం నుంచి కొలోన్‌కు రైల్లో గంట పైచిలుకు. మనకు సికింద్రాబాదు నుంచి కాజీపేటకు అంతకన్నా ఎక్కువే పడుతుంది! బ్రస్సెల్స్ నుంచి పారిస్‌కు గంటన్నర లోపే. ఇలా ఒక వరసలో ఉన్న ఊళ్ళు పెట్టుకుంటే డబ్బూ కలిసొస్తుంది, ఒంటికీ సుఖం. వేగం రైళ్ళ టిక్కెట్లు మనం ఎంత ముందు కొంటే అంత చవక. చివరి నిమిషంలో కొంటే రెండింతలూ కావచ్చు.

ఎవరింట్లోనూ అతిగా ఉండకూడదని మన పెద్దలు చెప్పేవారు కదా, అక్కడ అది మరీ నిజం. ఇళ్ళు చిన్నవి, పని మనుషులుండరు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోతారు. చెప్పకుండా వెళ్ళి తలుపు తట్టడం అక్కడ మర్యాద కాదు. జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు కాబట్టి సరుకులు శనివారమే తెచ్చుకోవాలి. పగలు వాళ్ళ పనుల్లో వాళ్ళుంటే మనం ఊరు చూసుకోవచ్చు. సాయంత్రం వంట మనది!

'వృత్తి' అన్న గడి దగ్గర...

దరఖాస్తులో 'వృత్తి' అన్న గడి దగ్గర నా పెన్ను కాసేపు ఆగింది. గృహిణి అని రాశాను. అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. కానీ దాని వెంటే వచ్చే ప్రశ్న ఉంది చూశారూ... ఖర్చు ఎవరు భరిస్తారు? దానికి రుజువేది?

మన పేరున జీతం చీటీ ఉండదు. అందుకని భర్త సమ్మతి ఉత్తరం, ఆయన బ్యాంకు లెక్కలు, ఆదాయపన్ను కాగితాలు, వివాహ ధ్రువపత్రం జతచేస్తారు. తప్పేం లేదు. అయితే మన పేరున కూడా ఒక ఖాతా, అందులో కొన్నేళ్ళుగా కదలాడుతున్న డబ్బు, చిన్నదో పెద్దదో ఒక ఫిక్సెడ్ డిపాజిట్టు ఉంటే మన మాటకు బలం వస్తుంది. కథలకొచ్చిన పారితోషికాలు, పండగలకు పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టినవి, ఇంటిఖర్చులో మిగిల్చినవి పదకొండేళ్ళుగా కోఠి బ్యాంక్ స్ట్రీట్‌లోని నా ఖాతాలో వేస్తున్నాను. విమానం టిక్కెట్టు ఆ డబ్బుతోనే. మిగతాది మావారు పెడుతున్నారు. టిక్కెట్టు మాత్రం నాది అని చెప్పుకోవడంలో ఉన్న తృప్తి మీకు వేరే చెప్పాలా?

పాస్‌పోర్టు విషయంలో ఒక మంచి మాట. 2016 డిసెంబరులో నిబంధనలు సడలించారు. పెళ్ళయినవాళ్ళు వివాహ ధ్రువపత్రం తప్పనిసరిగా ఇవ్వాల్సిన పనిలేదు. విడిపోయినవాళ్ళు భర్త పేరు రాయాల్సిన అవసరమూ లేదు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోకపోయినా ఇబ్బంది లేదు. పాత పేరు ఒక కాగితంలో, కొత్త పేరు ఇంకో కాగితంలో ఉంటేనే చిక్కు. ఆధారు, పాను, బ్యాంకు పుస్తకం, పాస్‌పోర్టు... అన్నిట్లో పేరు ఒకే రకంగా ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

వీసా లెక్కలు

యూరప్‌లో 29 దేశాలకు కలిపి షెంజెన్ వీసా అని ఒకటే ఉంది. ఇంగ్లండు, ఐర్లండు ఇందులో లేవు, వాటికి వేరే తీసుకోవాలి. అందుకే లెస్టర్‌లో ఉన్న మా పిన్ని కూతుర్ని ఈసారికి క్షమించమన్నాను.

* ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట దిగే దేశానికి. నా పద్దెనిమిది రాత్రుల్లో ఎనిమిది జర్మనీలో, అందుకని జర్మనీకి పెట్టాను.

* ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కనీసం పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవిలో అపాయింట్‌మెంటు దొరకడమే కష్టం, కనుక తొందరపడండి.

* 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు ఫీజు 90 యూరోలు. దానిపైన సర్వీసు చార్జీ. వీసా రాకపోయినా ఫీజు తిరిగి ఇవ్వరు.

* కనీసం 30,000 యూరోల వైద్యబీమా తప్పనిసరి.

* తిరుగు ప్రయాణం తేదీ దాటి ఇంకో మూడు నెలలైనా పాస్‌పోర్టుకు గడువుండాలి. అది పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి. రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

* ఎవరింట్లోనైనా ఉంటే వాళ్ళ ఆహ్వానం కావాలి. ఫ్రాన్సులో అయితే ఇంటివాళ్ళు తమ ఊరి మేయరు కార్యాలయం నుంచి ఆతిథ్య పత్రం తీసుకోవాలి. దానికి టైము పడుతుంది. ఆ పెద్దావిడను ఈ వయసులో తిప్పడం ఇష్టంలేక పారిస్‌లో నేను ఆవిడ వీధిలోనే చిన్న గది మాట్లాడుకున్నాను.

* వీసా చేతికొచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టిక్కెట్లు కొనకండి. రద్దు చేసుకోగల బుకింగులే మేలు.

2025 అక్టోబరు నుంచి అక్కడి సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. ఎక్కడ ఉంటారు, ఎప్పుడు వెళ్తారు అని అడగొచ్చు. చిరునామాలు, తిరుగు టిక్కెట్టు, బీమా కాగితాలు చేతిసంచీలో అచ్చు కాగితాలుగా పెట్టుకుంటే, ఫోను చార్జింగు అయిపోయినా కంగారుండదు.

మొహం తెలియని మనిషింటికా?

బ్రస్సెల్స్ లైబ్రేరియన్ సంగతి చెప్పగానే మా ఇంట్లో నిశ్శబ్దం! ఆమె 'సర్వాస్' సభ్యురాలు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1949లో డెన్మార్కులో పుట్టిన సంస్థ అది. దేశదేశాల మనుషులు ఒకరింట్లో ఒకరు అతిథులుగా ఉంటే ద్వేషాలు తగ్గుతాయని వాళ్ళ నమ్మకం. మన దేశంలోనూ సభ్యులున్నారు. వెళ్ళేవాళ్ళతో ముందు మాట్లాడి పరిచయపత్రం ఇస్తారు. మామూలుగా రెండు రాత్రుల ఆతిథ్యం. డబ్బు తీసుకోరు.

అయినా జాగ్రత్తలు మనవి. మొదటి పరిచయం స్టేషనులోనో, కాఫీ హోటల్లోనో నలుగురి మధ్య జరగాలి. మనసుకు నచ్చకపోతే వెళ్ళిపోవడానికి హోటలుకు సరిపడా డబ్బు విడిగా ఉండాలి. చేరగానే ఇంటికి చిరునామా పంపాలి. ఐరోపా సమాఖ్య దేశాలన్నిట్లో అత్యవసర నంబరు 112. మొహమాటానికి పోయి 'బాగుండదేమో' అనుకోవద్దు. మనకు బాగుండకపోతే ఎవరికి బాగుండి ఏం లాభం? పారిస్ మెట్రోలో జేబుదొంగలు ఎక్కువ, పాస్‌పోర్టు బట్ట సంచీలో దుస్తుల లోపల ఉండాలి.

సూట్‌కేసులో ఊరగాయ... నెయ్యి మాత్రం వద్దు!

మనం వట్టి చేతులతో వెళ్తామా! కానీ ఐరోపా సమాఖ్యలోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి, పాలకోవా అక్కడే పారేయిస్తారు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా ధ్రువపత్రం లేకుండా కుదరదు. కంది పొడి, కరివేపాకు పొడి, గట్టిగా సీలు వేయించిన ఆవకాయ, సుల్తాన్ బజార్ గాజులు, మొజంజాహీ మార్కెట్ దగ్గర ఫ్రూట్ బిస్కెట్లు చాలు. యానాం పెద్దావిడకు మాత్రం అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన పాత తెలుగు నవలలు మూడు. బరువే! అయినా సరే.

"ఎవరెవరు పోతున్నరమ్మా?"

ఇది మా అత్తమ్మ ప్రశ్న. "నేనొక్కదాన్నే అత్తమ్మా" అంటే, ఓ వారం మాట్లాడలేదు. ఆమెది కోపం కాదు, భయం. డెబ్బై రెండేళ్ళలో ఆమె ఒంటరిగా రైలెక్కింది లేదు. మ్యాపు తెచ్చి మంచం మీద పరిచి, ఏ రోజు ఏ ఊళ్ళో ఎవరింట్లో ఉంటానో వేలితో చూపించాను. అన్నీ విని, "ఆ పారిసు ముసలామెకు ఎవరు లేరా?" అని అడిగింది. పిల్లలు దూరంగా ఉంటారని చెప్పాను. "అట్లయితే పోయి రా" అంది.

పద్దెనిమిది రోజులు ఇల్లు ఎవరు చూస్తారు? మావారూ ఇంటర్ చదివే మా అబ్బాయీ అప్పుడే అన్నం వండటం, చారు పెట్టడం నేర్చుకుంటున్నారు. చారులో ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. ఎవరూ ఏమీ అనడం లేదు! పాలవాడి లెక్క, గ్యాసు బుకింగు నంబరు, అత్తమ్మ బీపీ మాత్రల వేళలు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మనం లేకపోతే ఇల్లు ఆగిపోతుందనే మాట కాస్త మనకిష్టమైన మాట కూడాను.

అందరూ యూరపే వెళ్ళనక్కర్లేదు. విజయనగరంలోనో, వరంగల్‌లోనో ఇరవై ఏళ్ళుగా 'వస్తాను వస్తాను' అని చెబుతున్న స్నేహితురాలు మీకూ ఉండే ఉంటుంది. ఒక కాగితం తీసుకుని కలవాలనుకున్న నలుగురి పేర్లు రాయండి. వయసులో పెద్దవాళ్ళెవరో వాళ్ళ పేరు మొదట రాయండి. ఆ తర్వాత టిక్కెట్టు సంగతి చూసుకోవచ్చు.